నీలం తాడు జైలు

కోటవురట్ల,
హాస్టలు

మామ్మకి వందనాలు.

నువ్విచ్చిన ఆరు కవర్లలో మొదటిది ఇదే. ఫోన్లో చెబుదామంటే ఆదివారం లైన్లో నా వెనకాల ఉన్నవాళ్ళు పెట్టెయ్ పెట్టెయ్ అని జడ లాగుతారు. అందుకని రాస్తున్నాను. చాలా పెద్ద వార్త. మా హాస్టల్లో జైలు కట్టాం. నేనే జైలర్ని, నేనే జడ్జిని.

మొదటినుంచీ చెబుతాను. సెప్టెంబరులో ఎలమంచిలి అమ్మాయిలు మా గ్రౌండుకి వచ్చి వాలీబాల్ ఆడతారు. పోయినేడు నుంచి ఎదురుచూస్తున్నాను, ఈ ఏడు ఏడో తరగతిలో కెప్టెన్ని కూడా అయ్యాను. మాకున్న నెట్ ఒక్కటే. సోమవారం పొద్దున్న వెళ్ళి చూస్తే దాన్ని నడిమధ్యలో ఎవరో కత్తెరతో కోసేసి ఉంది. మా పీఈటీ తలుపులమ్మ మేడమ్ స్కూటీ అందులోంచి దూరిపోతుంది, అంత కన్నం. మేడమ్ ఎవర్నీ తిట్టలేదు. నెట్ పక్కనే నేలమీద కూర్చుండిపోయారు. కొత్తది ఈ ఏడు రాదట.

ఎవరు చేశారని అడిగితే దివ్య లేచి నిలబడింది. పూడిమడక అమ్మాయి, నా క్లాసే, నా పక్క మంచమే. "నానే కోసీసేను. ఏటి సేత్తారో సెయ్యండి" అంది. టీములో తన పేరు చదవలేదని కోపం. ఎలా చదువుతారు మామ్మా, దాని సర్వీసు ఒక్కటి కూడా నెట్ దాటదు. అయినా చదివింది మేడమ్, నేను కాదు.

దివ్యకి టీసీ ఇచ్చి పంపేయాలా అని ప్రిన్సిపల్ మేడమ్ ఆలోచిస్తున్నారు. సెప్టెంబరు రెండో శనివారం పేరెంట్స్ మీటింగుకి వాళ్ళమ్మ వస్తుంది. అప్పుడు తేలుస్తారు. ఆలోపు బాలల సభ కూర్చుని ఏమనుకుంటోందో చెప్పమన్నారు. సభకి అధ్యక్షురాలిని నేనే.

అప్పటిదాకా ఊరికే వదిలేస్తామా? మెట్ల కింద విరిగిన బెంచీలు పెట్టే మూల ఉంది కదా, దానికి బట్టలారేసే పాత నైలాన్ తాడు, నీలం రంగుది, అడ్డంగా వరసలు వరసలుగా కట్టాం. అట్టముక్క మీద సెంట్రల్ జైలు అని రాసి తగిలించాం. రోజూ ఆటల టైములో దివ్య అందులో కూర్చోవాలి. నా స్నేహితురాలు ధనశ్రీ కాపలా. భలే ఉంది మామ్మా, చిన్న క్లాసుల వాళ్ళు చూడ్డానికి వస్తున్నారు.

నువ్వు ఇన్నేళ్ళు సోషల్ చెప్పావు. అసలు జైలు రూల్స్ అన్నీ వరసగా రాసి పంపు. మాది పక్కాగా ఉండాలి.

జ్యోతి


గవరపాలెం, అనకాపల్లి
22 జూలై 2025

జ్యోతికి,

నీ ఉత్తరం నిన్న అందింది. తేదీ లేదు. పోస్టాఫీసు ముద్ర చూసి నేనే పెన్సిలుతో వేసుకున్నాను. ఇంకోసారి అలా రాస్తే జవాబు ఉండదు.

నెట్ కోయడం చిన్న తప్పు కాదు. మీ మేడమ్ నేలమీద కూర్చుండిపోయారని చదివి నాకూ మనసు కష్టమైంది. దివ్య పట్ల నీ కోపం న్యాయమైనదే. దాన్ని దాచుకోమని నేను చెప్పను.

రూల్స్ అడిగావు, రాస్తున్నాను. అడిగినదానివి కాబట్టి అన్నీ పాటించాలి. నచ్చినవి ఏరుకోవడం కుదరదు.

ఎవరినైనా పట్టుకుంటే ఎందుకు పట్టుకున్నారో ఆ మనిషికి చెప్పాలి. ఇరవై నాలుగు గంటలలోపు మేజిస్ట్రేటు ముందు నిలబెట్టాలి. ఆ మేజిస్ట్రేటు నష్టపోయిన మనిషి కాకూడదు. నెట్ పోయింది నీ జట్టుకి. కాబట్టి నువ్వు జడ్జివి కావు. ఈ వాక్యం చదవగానే దిగిపో. సభలో ఈ విచారణ జరిగే రోజు అధ్యక్ష స్థానంలో కూడా కూర్చోకూడదు. నిందపడ్డ మనిషి తరఫున మాట్లాడేవాళ్ళు ఒకరుండాలి. ఎవరూ దొరకకపోతే వెతికి పెట్టే బాధ్యత ప్రభుత్వానిది, అంటే మీది. ఎన్నాళ్ళు లోపల ఉండాలో ముందుగా చెప్పాలి. నీ ఉత్తరంలో ఆ ఊసే లేదు. లోపలున్న మనిషికి వేళకి తిండి, నీళ్ళు, ఒంట్లో బాగుండకపోతే వైద్యం అందాలి. ఉత్తరాలు రాసుకోనివ్వాలి. చూడవచ్చేవాళ్ళని రానివ్వాలి. కాపలా మనిషి కదలకూడదు. ఖైదీ ఎంతసేపు లోపల ఉంటే కాపలా కూడా అంతసేపూ అక్కడే.

ఇంకొకటి ఉంది, అది అన్నిటికంటే పెద్దది. మన దేశంలో పద్దెనిమిదేళ్ళు నిండని పిల్లలని జైల్లో పెట్టకూడదు. వాళ్ళ కోసం బాలల న్యాయ మండలి వేరే ఉంటుంది. ఈ లెక్కన మీ హాస్టల్లో చట్టానికి విరుద్ధంగా ఉన్నది దివ్య ఒక్కతే కాదు. నువ్వు రాసి తగిలించిన బోర్డు కూడా.

ఈ జైలు సంగతి వార్డెన్ గారికి తెలుసా? తెలియకపోతే ఇవాళే చెప్పు.

మామ్మ


కోటవురట్ల
3 ఆగస్టు 2025, ఆదివారం

మామ్మకి వందనాలు. తేదీ వేశాను, వారం కూడా వేశాను.

నీ రూల్స్ మా జైలుని కూల్చేశాయి. ఎలా కూలిందో చెబుతాను, నవ్వుకో.

దిగిపో అని రాశావు చూడు, ఆ వాక్యం మీద నాకు ఒక రోజంతా కోపం వచ్చింది. తరవాత దిగిపోయాను. ధనశ్రీ జడ్జి అయింది. వార్డెన్ మేడమ్‌కి చెప్పాను. గట్టిగా కేకలేశారు. బోర్డు చూశాక మాత్రం అటు తిరిగి పమిట నోటికి అడ్డం పెట్టుకున్నారు. ఎవర్నీ బలవంతంగా కూర్చోబెట్టడానికి వీల్లేదు, తాడు విప్పెయ్యండి అన్నారు. విప్పబోతుంటే దివ్యే వద్దంది. "నాను ఇక్కడే కూకుంటాను. మీ ఆట సూడ్డం కన్నా ఇదే నయం" అంది.

సరే, తనే ఉంటానంది కదా, రూల్స్ పెడదాం అనుకున్నాం. కాపలాకి వంతులు వేశాం. రెండు రోజులకే ఆరో క్లాసు పిల్ల ఏడుపు మొదలుపెట్టింది, "తప్పు చేసింది ఆ అక్క, ఆట పోయింది నాది" అని. ఆ తరవాత వంతుకి ఎవరూ రాలేదు. చూడవచ్చేవాళ్ళని రానివ్వాలన్నావా, వాళ్ళు జామకాయలు తెచ్చారు. దివ్య తాడు అవతల కూర్చుని వాళ్ళ నాన్న పడవ కథలు చెబుతోంది. గురువారం నాటికి చిన్నవాళ్ళందరూ తాడు కిందనుంచి దూరి లోపలికి వెళ్ళిపోయారు. జైల్లో జాతర, బయట ధనశ్రీ ఒక్కతీ. "ఇంతకీ ఖైదీని నేనా, అదా?" అని నన్నే తిట్టి వెళ్ళిపోయింది.

దివ్య ఖాళీగా కూడా కూర్చోదు. మా జైలు తాడు కొసలు విప్పి, పోగులు తీసి, బొమ్మలకి సంచుల్లాంటివి అల్లి పిల్లలకి పంచుతోంది. జైలు రోజురోజుకీ పొట్టిదైపోతోంది.

నెట్ మాత్రం పీఈటీ రూములో అలాగే పడుంది. మేము రెండు స్తంభాల మధ్య చున్నీలు కట్టి ప్రాక్టీసు చేస్తున్నాం. బంతి తగిలితే చున్నీ కూడా బంతితో వెళ్ళిపోతుంది.

జైలు దండగని నాకే తెలిసిపోయింది. కానీ నాకు కొన్ని చెప్పు. పెద్దవాళ్ళ జైలు కూడా ఇలాగే ఉంటుందా? లోపలున్న వాళ్ళందరూ తప్పు చేసినవాళ్ళేనా? జైలు లేకపోతే ఇంక టీసీయేనా, లేకపోతే ఊరికే వదిలెయ్యడమేనా? మధ్యలో ఏమీ ఉండదా?

జ్యోతి


గవరపాలెం, అనకాపల్లి
8 ఆగస్టు 2025

జ్యోతికి,

నవ్వుకో అన్నావు. నవ్వాను. పక్కింటి వాళ్ళు కిటికీలోంచి చూశారు కూడా. ఇక ప్రశ్నలకి వద్దాం.

పెద్దవాళ్ళ జైలు మీ తాడు జైలులా ఉండదు. అక్కడికి జామకాయలు రావు. తలుపు బయటినుంచి వేస్తారు, తీసేదీ బయటివాళ్ళే. ఇంటి దగ్గర పిల్లలు ఎదుగుతుంటారు, చూసే వీలుండదు. బయటికి వచ్చాక పని ఇవ్వడానికి జనం వెనకాడతారు.

లోపలున్న వాళ్ళందరూ తప్పు చేసినవాళ్ళు కారు. మన దేశపు జైళ్ళలో నలుగురుంటే దాదాపు ముగ్గురి విచారణ ఇంకా పూర్తే కాలేదు. వాళ్ళు చేశారో చేయలేదో కోర్టు చెప్పనే లేదు. పూచీ పడేవాళ్ళు లేక బెయిలు వచ్చి కూడా లోపలే ఉండిపోయే పేదవాళ్ళున్నారు.

అయితే జైలే అక్కర్లేదా అని నువ్వు అడుగుతావు. అలా నేననను. ఎదుటివాళ్ళ ప్రాణం తీసే మనిషిని ఎక్కడో ఒకచోట ఆపాలి, తక్కినవాళ్ళు నిశ్చింతగా పడుకోవాలి. జైలు చేయగలిగేది అదే, ఆపడం. కానీ ప్రతి తప్పుకీ అదే అంటే, ఏ జబ్బుతో వచ్చినవాడినైనా మంచానికి కట్టేసి పంపే డాక్టరులా ఉంటుంది. మీ జైల్లో దివ్య కూర్చుంది, జామకాయలు తింది. నెట్‌కి ఒక్క ముడి పడిందా?

మధ్యలో ఏమీ లేదా అని అడిగావు. చాలా ఉన్నాయి. మొదటిసారి చిన్న తప్పు చేసినవాళ్ళని, ఇక బుద్ధిగా ఉంటామని పత్రం రాయించుకుని, కనిపెట్టి చూసుకునే ఒక అధికారిని పెట్టి ఇంటికి పంపే చట్టం నేను ఉద్యోగంలో చేరకముందునుంచీ ఉంది. పోయినేడు అమల్లోకి వచ్చిన కొత్త చట్టంలో కొన్ని చిన్న నేరాలకి సమాజ సేవ కూడా ఒక శిక్ష. గోడలు లేని జైళ్ళు ఉన్నాయి, అక్కడ ఖైదీలు పొలం పని చేసుకుంటారు. పిల్లలైతే మండలి వాళ్ళు మందలించి తల్లిదండ్రులకి అప్పగించవచ్చు, పదిమందికి పనికొచ్చే పని చేయించవచ్చు.

నేను పూడిమడక బడిలో పనిచేసిన రోజుల్లో చూసిన ఇంకో పద్ధతి చెబుతాను. దేముడు అనే అతను పాత పగతో పరదేశి అనే ఇంకొకతని వల కోసేశాడు. స్టేషను దాకా వెళ్ళకుండా పెద్దలు ఇద్దరినీ ఇసకలో కూర్చోబెట్టారు. కోసినవాడు అల్లాలి. వల ఎవరిదో వాళ్ళు రెండో కొస బిగించి పట్టాలి. వల ఒక్కరి వల్ల బాగవదు, అవతల పట్టే మనిషి లేకపోతే ముడి కుదరదు. మొదటిరోజు పరదేశి కావాలని దేముడి వేళ్ళు తెగేలా లాగాడు. తరవాత ముడి వదులైందని దెబ్బలాడుకున్నారు. ఆ తరవాత ఒకే బీడీ కట్ట మధ్యలో పెట్టుకున్నారు. ఆ వల మళ్ళీ సముద్రంలోకి వెళ్ళింది. బడి కిటికీలోంచి నేను చూస్తూనే ఉన్నాను, పాఠం ఆపేసి మరీ.

మీరేం చేయాలో నేను చెప్పను. చూసింది చెప్పాను.

మామ్మ


కోటవురట్ల
15 ఆగస్టు 2025

మామ్మకి.

నేను పట్టను.

నీ కథ ధనశ్రీకి చదివి వినిపించడమే నా తప్పు. అది వెంటనే సభలో చెప్పేసింది. అందరూ చప్పట్లు కొట్టారు. దివ్య అల్లాలట, టీము తరఫున కెప్టెన్ పట్టాలట. నేనెందుకు పట్టాలి మామ్మా? కోసింది అది. నేను దాన్ని ఒక్క మాట అనలేదు. టీములోంచి తీసింది నేను కాదు. తప్పు దానిదైతే రోజూ సాయంత్రం ఎదురుగా నిలబడి చేతులు నొప్పెట్టించుకోవాల్సింది నేనా? అప్పుడిది నాకు కూడా శిక్షే కదా.

దివ్య కూడా ఒప్పుకోలేదులే. "నాను అల్లను. టీసీ ఇచ్చీమనండి, మా ఊరు పోతాను" అని దుప్పటి కప్పేసుకుంది.

ఇవాళ జెండా వందనం అయ్యాక లడ్డు ఇచ్చారు. నేను తినలేదు.

జ్యోతి


గవరపాలెం, అనకాపల్లి
19 ఆగస్టు 2025

జ్యోతికి,

లడ్డు తినకపోతే నష్టం లడ్డుది కాదు.

నీకు చెప్పని భాగం ఒకటుంది. ముందే చెబితే నువ్వు దాన్నే పట్టుకుంటావని చెప్పలేదు. పరదేశి కూడా మొదట నీలాగే అన్నాడు. వల కోయించుకున్నదీ నేనే, పట్టుకోవలసిందీ నేనేనా అని లేచి వెళ్ళిపోయాడు. పెద్దలు బలవంతం చేయలేదు. వల ఇసకలోనే పడుంది. చేపలు బాగా పడే కాలమంతా వెళ్ళిపోయింది. దేముడికి వచ్చిన నష్టం లేదు, అతని వల అతనికి ఉంది. పరదేశి పిల్లలు నా బడికి ఖాళీ కడుపుతో వచ్చేవారు. నేను రాసిన కథ ఆ మరుసటి ఏడాదిది.

నువ్వడిగిన ప్రశ్న సరైనదే. తప్పు నీది కాదు. వల నీది.

పట్టడం, మానడం నీ ఇష్టం. నేను మళ్ళీ అడగను.

మామ్మ


కోటవురట్ల
31 ఆగస్టు 2025, ఆదివారం

మామ్మా,

వందనాలు చివర్లో చెబుతాను, ముందు ఇది విను.

నీ ఉత్తరం చదివి రెండు రోజులు ఊరుకున్నాను. మూడో రోజు సాయంత్రం పీఈటీ రూములోంచి నెట్ తీసుకుని, దివ్య కూర్చునే మెట్ల కింది మూలకి వెళ్ళాను. ఒక కొస కిటికీ ఊచకి కట్టి, రెండో కొస పట్టుకుని నిలబడ్డాను. "నానేటి నీకు అల్లిపెట్టాలా?" అంది. అల్లొద్దు, నేను పట్టుకుంటాను అంతే, చేతులు నొప్పెడితే దింపేస్తాను అన్నాను. అది గోడకేసి తిరిగి కూర్చుంది. స్టడీ బెల్ కొట్టేదాకా నిలబడి వచ్చేశాను. చేతులు లాగేశాయి. బుద్ధిలేనిదాన్ని అనిపించింది.

మర్నాడు కూడా వెళ్ళి నిలబడ్డాను. అది కాసేపు ఓరగా చూసింది. ఇంకాసేపు చూసింది. ఇంక ఉండబట్టలేక లేచి వచ్చింది. "ఎవలైనా వలని అలా పట్టుకుంటారేటే? సాగిపోద్ది. కింద తాడు ఒగ్గీ. పై తాడు పట్టు" అని నా చేతులు తనే సర్దింది. సర్దాక ఇంక కూర్చోలేదు మామ్మా. నేను వలని పాడుచేస్తుంటే చూడలేకపోయింది, అంతే.

దారం ఎక్కడిదని అడుగుతావు. మా జైలు. ఆ నీలం తాడు మొత్తం విప్పేసి, పోగులు తీసి, రెండేసి కలిపి పేనింది. వెదురు పుల్లని చెక్కి వల కుట్టే సూదిలా చేసుకుంది. నెట్ నలుపు, అతుకు నీలం. దూరంనుంచి కూడా కనిపిస్తుంది.

మొదట్లో మాటల్లేవు. ఒకసారి నేను పరదేశిలా కావాలనే గట్టిగా లాగాను. అది అంతకంటే గట్టిగా లాగింది. "పట్టుకోడం రాదు గానీ కెప్టెనంట" అంది. నాకు ఒళ్ళు మండి అడిగేశాను, అసలు ఎందుకు కోశావని.

"నా పేరు సదవలేదు కదా."

"నీ సర్వీసు నెట్ దాటదు కదా."

అది సూది ఆపి ఆలోచించింది. "దాటదు. అందుకే నెట్టు కోసీసేను" అంది.

దాని ముఖం చూశాను. అది నా ముఖం చూసింది. ఎవరు ముందు నవ్వారో తెలియదు. ధనశ్రీ పరిగెత్తుకొచ్చింది, కొట్టుకుంటున్నామనుకుని.

నవ్వాక అది ఏడ్చింది కూడా. మేడమ్ నేలమీద కూర్చోవడం తనూ చూసిందట. ఆ రోజునుంచి మేడమ్‌కి ఎదురుపడటం లేదట. నేను నెట్ వదలకుండా పట్టుకున్నాను.

నిన్నటికి కన్నం మూసుకుపోయింది. మేము ఎగిరి గంతులేసి మేడమ్‌ని పిలిచాం. మేడమ్ చూసి, చేత్తో తడిమి, పకపకా నవ్వేశారు. "ఓలమ్మో, ఇది వాలీబాల్ నెట్టా, కవళ్ళ వలా?" అన్నారు. కవళ్ళంటే చిన్న చేపలు, నీకు తెలుసు. దివ్య చెయ్యి అలవాటు కొద్దీ చేపల వల కళ్ళే అల్లేసింది, వేలు కూడా దూరదు. నెట్‌కి అయితే ప్రతి గడీ పది సెంటీమీటర్లుండాలి. ఇన్ని రోజులు ఎదురుగా పట్టుకుని నేనూ చూడలేదు, నెట్ అంటే నెట్టే అనుకున్నాను. మొత్తం విప్పి మళ్ళీ అల్లాలి. ఇంకా రెండు వారాలే ఉంది మీటింగుకి.

సభలో నన్ను కూడా అడుగుతారట, నష్టపోయినదాన్ని కాబట్టి. ఏం చెప్పను మామ్మా?

వందనాలు.

జ్యోతి


గవరపాలెం, అనకాపల్లి
4 సెప్టెంబరు 2025

జ్యోతికి,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. చర్చిలో ప్రార్థన కూటానికి ముందు ఒకసారి, తరవాత ఒకసారి. మధ్యలో చదివింది చెప్పకూడదు.

విప్పండి. కొలత పెట్టుకుని అల్లండి. పూడిమడకలో ప్రతి ఇంట్లోనూ గడి కొలవడానికి ఒక చెక్కముక్క ఉంటుంది, దివ్య మరిచిపోయి ఉండదు, తొందరలో వదిలేసి ఉంటుంది.

సభలో ఏం చెప్పాలని అడిగావు. ఏం జరిగిందో చెప్పు. దానివల్ల నీకు ఏమైందో చెప్పు. నీకు ఏం కావాలో చెప్పు. కోపం మిగిలి ఉంటే అదీ చెప్పు, లేనట్టు నటించకు. దివ్యకి ఏం చేయాలో మాత్రం నువ్వు తేల్చకు, అది సభ పని.

మ్యాచ్ ఏ రోజు, ఏ వేళకి? కోటవురట్ల బస్సు వేళలు కనుక్కున్నాను.

మామ్మ


కోటవురట్ల
14 సెప్టెంబరు 2025, ఆదివారం

మామ్మకి వందనాలు.

మ్యాచ్ ఇరవయ్యో తారీకు శనివారం, మధ్యాహ్నం మూడింటికి. మొదటే రాశాను, మరిచిపోకుండా.

కొలతకి చెక్క దొరకలేదు. దివ్య అటూ ఇటూ చూసి సెంట్రల్ జైలు బోర్డు పీకి, స్కేలు పెట్టి కత్తిరించింది. ఆ ముక్క మీదే గడి గడికీ ముడి వేశాం. వేశాం అంటున్నాను కానీ నేను పట్టుకున్నానంతే. శుక్రవారం దీపాలు పెట్టే వేళకి అయిపోయింది. మేడమ్ టేపు పెట్టి కొలిచారు. ఈసారి నవ్వలేదు, దివ్య తల మీద చెయ్యి వేశారు. అప్పుడు దివ్య చెప్పింది మేడమ్‌తో, తప్పయిపోయిందని. మేము పక్కకి వెళ్ళిపోయాం.

నిన్న సభ. ధనశ్రీ అధ్యక్షురాలు, కళ్ళజోడు కూడా అరువు తెచ్చుకుని పెట్టుకుంది. ప్రిన్సిపల్ మేడమ్, దివ్యవాళ్ళమ్మ అప్పలనర్సమ్మ గారు గోడ పక్కన కూర్చున్నారు. ఆవిడ వస్తూనే దివ్య బట్టలు సంచిలో సర్దుకుని సభకి వచ్చారు. "టీసీ ఇచ్చీండమ్మా, మా దివ్య గుంటని తీసుకుపోతాను. ఇలాటి పని సేసినాక ఏ మొకం పెట్టుకుని ఉంచమంటాను" అన్నారు. దివ్య తల ఎత్తలేదు. ఇన్నాళ్ళూ అది పోతే బాగుండుననుకున్నది నేనే.

నన్ను పిలిచారు. నువ్వు రాసినట్టే చెప్పాను. నెట్ చూసిన రోజు ఎలా ఉందో చెప్పాను. చున్నీలు కట్టి ఆడామని చెప్పాను. కోపం ఇంకా కొంచెం ఉందని చెప్పాను. నాకేం కావాలని అడిగితే, ప్రతి సాయంత్రం నెట్ కట్టడానికి రెండోవైపు పట్టడం తెలిసిన మనిషి కావాలని చెప్పాను. దివ్య తరఫున మాట్లాడాల్సిన ఎనిమిదో క్లాసు అక్క లేచి, ఇంక నేను చెప్పడానికేం మిగల్లేదని కూర్చుంది.

తరవాత ధనశ్రీ నెట్ తెప్పించి బల్ల మీద పరిపించింది. అప్పలనర్సమ్మ గారు లేచి వచ్చి నీలం ముడులు ఒక్కొక్కటే వేళ్ళతో చూశారు.

"ఈ ముడి ఎవులేసేరు?"

"నానేనమ్మా" అంది దివ్య.

ఆవిడ ఇంకా ముడిమీద వేలు తీయలేదు. "పట్టింది ఎవులు?"

నేను చెయ్యెత్తాను. ఆవిడ నా దగ్గరికి వచ్చి, నా రెండు చేతులూ తిప్పి చూశారు, తాడు ఒరుసుకుపోయిన చోట. "నా తల్లీ" అన్నారు. అంతే. సంచి తీసుకెళ్ళి కుర్చీ కింద పెట్టేశారు.

సభ చెప్పింది రాస్తున్నాను. టీసీ వద్దు. ఈ ఏడాది పరీక్షలయ్యేదాకా నెట్ కట్టడం, విప్పడం, చూసుకోవడం దివ్య పని. చిన్నవాళ్ళకి ముడులు నేర్పాలి. మళ్ళీ కోపం వస్తే కత్తెర పట్టకుండా తలుపులమ్మ మేడమ్ దగ్గరికి వెళ్ళాలి. ప్రిన్సిపల్ మేడమ్ అలాగే అన్నారు.

టీములో పేరు మాత్రం లేదు. సర్వీసు ఇంకా దాటడం లేదు.

నువ్వు తప్పకుండా రా.

జ్యోతి


గవరపాలెం, అనకాపల్లి
22 సెప్టెంబరు 2025

జ్యోతికి,

మొన్న బస్సు వేళ అయిపోవడంతో నీతో సరిగా మాట్లాడలేదు. మ్యాచ్ మీరు ఓడిపోయారు. మూడో సెట్టులో రెండు పాయింట్ల తేడా. లెక్క నేను వేళ్ళు మడుస్తూ పెట్టుకున్నాను, స్కోరు బోర్డు ఒకసారి తప్పింది, మీ మేడమ్‌కి చెప్పి దిద్దించాను. ఆ దిద్దుబాటు ఎలమంచిలి వాళ్ళకే లాభించింది. ఏం చేస్తాం, లెక్క లెక్కే. నువ్వు రెండో సెట్టులో ఎగిరి కొట్టిన బంతికి నేను లేచి నిలబడ్డాననీ, గొడుగు విరిగిందనీ మీ నాన్నతో చెప్పకు.

నువ్వు కోర్టులో ఉన్నావు కాబట్టి నీకు వినపడని సంగతి ఒకటి చెప్పాలి. అందుకే ఈ ఉత్తరం.

ఆట మొదలవకముందు పిల్లలు బంతులు వేసుకుంటుంటే దివ్య కూడా వెనకనుంచి ఒక సర్వీసు చేసింది. దాటలేదు. సరిగ్గా నీలం అతుకుకే కొట్టుకుంది. గట్టి దెబ్బే. ఒక్క ముడి కదల్లేదు. ఆ పిల్ల వెళ్ళి చేత్తో తడిమి చూసుకుని, బంతి తీసుకుని నా పక్కన వచ్చి నిలబడింది. నేనెవరో తనకి తెలియదు, నేనూ చెప్పలేదు.

ఆట మొదలయ్యాక ఎలమంచిలి జట్టులో ఆడని చిన్నపిల్ల ఒకతె అక్కడికి వచ్చింది. నెట్ వైపు చూపించి అడిగింది.

"మధ్యలో ఆ నీలం ఏటి?"

దివ్య ఆట మీదనుంచి కన్ను తీయకుండానే చెప్పింది.

"అది మా జైలు. ఇప్పీసి అల్లీసేం."

ఆ పిల్లకి ఏం అర్థమైందో తెలియదు, బుద్ధిగా తలూపింది. నాకు కాసేపు కోర్టు కనబడలేదు. కళ్ళజోడు తుడుచుకునేసరికి ఒక పాయింటు తప్పిపోయింది. అది ఎవరికి వచ్చిందో కనుక్కుని రాయి.

మా ఇంట్లో దోమతెర ఒకటి చిరిగి ఉంది. సంక్రాంతి సెలవులకి దివ్యని కూడా తీసుకురా, వాళ్ళమ్మతో నేను మాట్లాడతాను. రెండో కొస నేను పడతాను.

దివ్యని నాకు ఉత్తరం రాయమను. తేదీ వెయ్యాలని ముందే చెప్పు. నీ దగ్గర ఒక్క కవరే మిగిలుండాలి. ఇద్దరూ అందులోనే పెట్టండి.

మామ్మ